రైలంగడి కూత

జూన్ 30, సోమవారం

పొద్దున అంగడి తలుపు తీసేసరికి, షోకేసులో బొమ్మ రైలును నడిపే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎర్ర చీమలు. మీట కదిలే సన్నటి సందులోంచి ఒక బారు లోపలికి పోతోంది, ఇంకో బారు బయటికి వస్తోంది. వచ్చేవాటి నోళ్లలో ఏదో పసుప్పచ్చ పొడి. కాసేపు చూస్తూ నిల్చున్నాను. ఈ అంగట్లో ఒక పద్ధతిగా పనిచేసేవి అవొక్కటే.

కూత శనివారం ఆగిపోయింది. మీట లాగితే రైలు కూయడం లేదు, ఒక్కసారిగా ఉరుకుతోంది. ఉరికి, అద్దం దగ్గరి మలుపులో పక్కకు పడుతోంది. ఇవాళ కూడా పడింది. నాయన ప్రతిసారీ దాన్ని రెండు చేతులతో ఎత్తి, దెబ్బ తగిలిన పిల్లను చూసినట్టు చూసి, మళ్లీ పట్టాల మీద పెట్టాడు. మళ్లీ పడింది.

తాత కాలంలో మిషన్ ఆస్పత్రి వదిలి తన దేశం పోతున్న ఒక అమెరికా డాక్టరు చీరలు తీసుకుని ఈ బొమ్మ రైలు ఇచ్చి పోయాడట. తాత దాన్ని షోకేసులో పట్టుచీరల చుట్టూ తిప్పాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. బేరం కుదిరినప్పుడల్లా కూత వేయించడం మొదలుపెట్టాడు. కూత పడితే ధర ఖాయం. కొన్నవాళ్లు వెనక్కి తేరు, మేము మాట మార్చం. బోర్డు మీద ఉన్న మా అంగడి పేరు ధర్మవరంలో ఎవరికీ తెలియదు. రైలంగడి అంటే ఆటోవాళ్లు నేరుగా తెచ్చి దింపుతారు. పెద్దమనుషులు ఒక బొమ్మ అరిస్తే తప్ప మాట మీద నిలబడలేరన్నమాట.

ఆ మీట లాగే పని నాది. నాయన "కూత" అంటాడు, నేను లాగుతాను. కాన్వెంటులో ప్రతి యాన్యువల్ డేకి తెర లాగింది కూడా నేనే. ఎమ్మే ఇంగ్లీషు చదివాక కూడా చేతికి ఏదో ఒకటి లాగే పనే మిగిలింది.

కేశవ చిన్నాయన హిందూపురంలో కొత్త షోరూం కట్టిస్తున్నాడు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం ప్రారంభం. బెంగళూరు కార్లు ఆగడానికి జాగా, ఏసీ, కళ్లు మండే లైట్లు. ఈ అంగడి మూసేసి సరుకంతా అక్కడికి ఎత్తుకుపోవాలని ఆయన పట్టు. నాయన ఏడాదిగా అవుననలేదు, కాదనలేదు. ఇవాళ రైలు ఆఖరిసారి పడ్డాక, "ఇంగ ఇది గూడా చాలించుకునిండాది," అన్నాడు. చిన్నాయన దాన్నే ఒప్పుకోలు కింద తీసుకున్నాడు.

మూయనీ. నాకు చదువుకోవడానికి పుస్తకాలున్నాయి.

జూలై 1

ఈరోజూ కూత లేదు.

జూలై 3, గురువారం

ఆషాఢమని ఎవరూ రావడం లేదు. ఖాళీగా ఉంటే బేరానికి లొంగుతామని తెలిసిన అనసూయమ్మ మాత్రం రొద్దం నుంచి బస్సెక్కి వచ్చింది. పెద్దకూతురి పెండ్లిచీర మా దగ్గరే కొనింది. ఇప్పుడు చిన్నకూతురికి. పొద్దంతా చూసి, నలిపి, వెలుగులో పట్టి, మా కష్టాలూ వాళ్ల కష్టాలూ పోల్చి, ఒక అరిటాకు పచ్చ చీర దగ్గర ధర కుదుర్చుకుంది. అప్పుడు షోకేసు వైపు చూసింది.

"కూత ఏదప్పా?"

"రిపేరుండాదమ్మా. ధర ఖాయమే. నేను చెప్తాండా గదా," అన్నాడు నాయన.

"నీ మాట యాడికి పోతాదిలేప్పా. నా మాట మీదనే నాకు నమ్మకం ల్యా. కూత పడకుంటే దావలో ఇంగో అంగడి కనపడ్తే ఆడ గూడా చూస్తా నేను."

"నోటితో కూసేదా?"

తమాషాకి అన్నాడనుకున్నాను. కూశాడు. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కండ్లు మూసుకుని. యాభై ఎనిమిదేళ్ల మనిషి.

"ఇది రైలు గాదప్పా, కుక్కరు," అని అనసూయమ్మ చాప మీద వెనక్కి వాలి నవ్వింది. చీర మాత్రం అక్కడే వదిలి పోయింది. "కూత వచ్చినాక కబురు చెయ్యి" అని మెట్లు దిగింది.

చిన్నాయన అంతవరకూ లోపలి గదిలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. బయటికి వచ్చాడు.

"చూస్తివా అన్నా? బొమ్మతో వ్యాపారం చేస్తే ఇట్లే ఉంటాది. నువ్వొచ్చి హిందూపురంలో గల్లా మీద కూర్చో. నాకు నువ్వు ఆడ కావాల."

"ఈడో?"

"ఈడ ఎవరు కూర్చుంటారన్నా? చీరలంగట్లో మాట్లాడే మనిషి కావాల గదా."

నేను రెండు మూరల దూరంలో చీరలు మడుస్తున్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఇద్దరూ కష్టపడ్డారు.

నాయన చాలాసేపు రైలును చూశాడు. చివరికి, "వ్రతం లోపల అది కూస్తే ఈ అంగడి ఉంటాది. కూయకుంటే ఎత్తు," అన్నాడు.

చిన్నాయన నవ్వుకున్నాడు. నేనూ నవ్వుకోవలసింది. నలుగురు నేతగాళ్ల కుటుంబాల తిండి, ఒక అంగడి, అందులోని మనుషులు, అంతా ఇప్పుడు ఒక బొమ్మ గొంతు మీద ఉంది. ఇది మా ఇంట్లో పెద్దలు తీసుకునే నిర్ణయాల తీరు.

పాత డబ్బా దించి, రైలుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం వెతికాను. ఊరికే. చదవడానికి వేరే ఏమీ లేదు.

జూలై 6, ఆదివారం

ట్రాన్స్‌ఫార్మర్ సంచీలో పెట్టుకుని ప్యాసింజర్లో హిందూపురం పోయాను. నాయన పంపాడు. చిన్నాయన కొడుకు పవన్ స్టేషనుకు వచ్చాడు. బీటెక్ చదివాడు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకుంటాడు.

తీసుకుపోయింది హరిప్రసాద్ దగ్గరికి. టీవీ, మిక్సీ, ఇన్వర్టరు, ఏదైనా బాగుచేస్తాడట. బాగుచేసినవన్నీ మళ్లీ ఆయన దగ్గరికే వస్తాయి కాబట్టి అంగడి ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

"ఆయమ్మకేం కావాలంట?" అని పవన్‌ను అడిగాడు. ఆయమ్మ ఆయన ఎదురుగానే ఉంది.

"ట్రెయిన్ విజిల్ రావట్లేదన్నా. సెట్ చెయ్యాల."

హరిప్రసాద్ ట్రాన్స్‌ఫార్మర్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, టెంకాయ కొనేవాడిలాగా. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. "కాయిల్ కాలిపోయిండాది. పారేసి మొబైల్ ఛార్జర్ లాంటిది ఒకటి పెట్టుకోండి," అన్నాడు.

కాయిల్ కాలితే రైలు ఎట్లా నడుస్తోంది? ఈ ప్రశ్న మళ్లీ రైలెక్కేదాకా నా నోట్లోనే ఉంది. ఆయన బల్ల మీద నుంచి దాన్ని ఎత్తి సంచీలో పెట్టుకుని వచ్చేశాను. వెనక నుంచి, "ఏమబ్బా, కోపమా ఆయమ్మకి?" అంటున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండ కొండ కిటికీలో చాలాసేపు కదలకుండా ఉంది. సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి.

పవన్ స్టేషన్లో ఒక మాట అన్నాడు. "దానికింత ఎందుకక్కా. బ్లూటూత్ స్పీకర్ పెడదాం. కూత ఫోన్లోనించి వస్తాది. ఎవురికి తెలుస్తాది?"

జూలై 8

పవన్ స్పీకర్ తెచ్చాడు. షోకేసులో చీరల కింద దాచాడు. బొగ్గింజను కదిలింది, దాని లోంచి డీజిల్ ఇంజను హారన్ వచ్చింది. ముదిగుబ్బ నుంచి వచ్చిన ఒకామె చేతిలో నీళ్ల గ్లాసు జారవిడిచింది. రెండోసారి నొక్కబోతుండగా పవన్‌కు ఎవరో ఫోన్ చేశారు. బొగ్గింజను ఒక సినిమా పాట పాడింది.

నాయన స్పీకర్ తీసి పవన్ సంచీలో పెట్టాడు.

జూలై 10, గురువారం

పుస్తకం రెండోసారి చదివాను. కష్టమైనదేమీ కాదు. పిల్లల తండ్రుల కోసం రాసింది.

పట్టాల్లో పారేది ఏసీ. మీట లాగితే దానికి కొంచెం డీసీ కలుస్తుంది. ఇంజను వెనక ఉన్న బొగ్గుపెట్టెలో ఒక చిన్న రిలే ఉంది. దానికి ఏసీ వినపడదు, డీసీ తగిలితేనే కదులుతుంది. అది కదిలితే లోపల చిన్న మోటారు తిరిగి గాలి ఊదుతుంది. అదే కూత. కూతకు కరెంటు ఖర్చయి రైలు మెల్లగా పోకుండా, అదే మీట కొంచెం వోల్టేజీ కూడా పెంచుతుంది. అంటే మా రైలుకు పెంచిన వోల్టేజీ అందుతోంది, డీసీ అందడం లేదు. అందుకే కూయకుండా ఉరుకుతోంది. ఒక పేజీన్నరలో ఉంది ఇది. అరవై ఏళ్లుగా డబ్బాలో ఉంది. ఎవరూ తెరవలేదు.

బొగ్గుపెట్టెను మేడ మీదికి తీసుకుపోయాను. చిన్నాయన బండి బ్యాటరీ విప్పి, రెండు వైర్లు, ఒకటి చక్రానికి, ఒకటి మధ్యనున్న రోలరుకు తగిలించాను.

కూసింది. మేడంతా కూసింది.

కింద నుంచి అవ్వ, "ఏం బండే అది, ఈ పొద్దులో?" అని అడిగింది.

కాబట్టి కూతలో ఏ లోపమూ లేదు. తప్పంతా ట్రాన్స్‌ఫార్మర్లో ఉంది. హరిప్రసాద్ కంటే నాకు తెలివి ఎక్కువని రుజువైంది. అది పెద్ద గౌరవమేమీ కాదు.

చిన్నాయన బండి స్టార్టు కాలేదట. బ్యాటరీ వైర్లు తారుమారు చేసి పెట్టానేమో. బస్సులో పోయాడు.

జూలై 14, సోమవారం

ట్రాన్స్‌ఫార్మర్ విప్పాను.

లోపల కుంకుమ. పసుపు. ఎండిన గంధం. అక్షింతలు. కర్పూరం మసి. ఒక మూల బెల్లం ముక్క, దాని చుట్టూ చీమల పట్టణం. రాగి రేకులు ఒకదానికొకటి తగలవలసిన చోట ఎర్రటి ముద్ద గట్టిపడి ఉంది, గుళ్లో రాతి విగ్రహానికి ఉన్నట్టు.

అవ్వను పిలిచి చూపించాను.

"ఏముందే? పూజ చేసినా. శుక్రవారం శుక్రవారం చేస్తా. ఆయుధపూజకు గూడా చేస్తా."

మీట సందు చూపించాను.

"ఆడనే గదా దాని నోరుండేది. నైవేద్యం యాడ పెట్టాల మరి, వీపు మీద పెట్టేదా?"

నూనె మరక చూపించాను.

"కిర్రుకిర్రుమంటాంటే రొంత ఆముదం పోసినా. నీ మోకాళ్లకు గూడా చిన్నప్పుడు అదే పూసినా. నడవలేదా నువ్వు?"

ఈ ఇంట్లో పని చేసే ప్రతిదాన్నీ దేవుణ్ణి చేస్తారు. దేవుడయ్యాక దాన్ని ఎవరూ తుడవరు. మగ్గానికి కుంకుమ, త్రాసుకు కుంకుమ, చిన్నాయన కొత్త బిల్లింగ్ కంప్యూటరుకు కూడా పెట్టారు. కీబోర్డులో మధ్య అక్షరాలు పడటం లేదు.

పాత టూత్‌బ్రష్షు, కిరోసిను, సన్న గరుకు కాగితం. రోజంతా తుడిచాను. రేకులు ఎర్రటి రాగి రంగుకు వచ్చాయి. అవ్వ గడప దగ్గర కూర్చుని తల తిప్పుకుని ఓరకంట చూస్తూ ఉంది. "పాపా, అంత గీకొద్దే, నొస్తాది," అని ఒకసారి అంది. నేను గీకుతూనే ఉన్నాను.

బిగించి, పట్టాలకు కలిపి, మీట లాగాను.

రైలు ఉరికింది. అద్దం దగ్గర పడింది.

జూలై 15

చీమలు మళ్లీ వచ్చాయి. కనీసం వాటికైనా పట్టుదల ఉంది.

జూలై 20, ఆదివారం

కరెంటు కొలిచే మీటరు కొని చూశాను. మీట లాగినా పట్టాల్లో డీసీ సున్నా. మిగిలింది ఒకటే: లోపల రూపాయి బిళ్ల సైజులో ఉన్న రాగి బిళ్ల. కరెంటును ఒక దిక్కుకే పోనివ్వడం దాని పని. అది చచ్చి అటూ ఇటూ పోనిస్తోంది. ఆ బిళ్లలు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. బదులుగా ఒక లావుపాటి డయోడ్ కావాలి. ఆన్‌లైన్లో పెడితే వ్రతం దాటి వస్తుందట.

పెనుకొండలో ఓబుళప్ప సార్ ఇంట్లో పాత రేడియోలు, ఛార్జర్లు గుట్టగా ఉంటాయని నాయన చెప్పాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. బస్సులో పోయాను.

నేను అడగాలనుకున్నది ఆయనే అడిగి, ఆయనే జవాబు చెప్పాడు. తప్పు ప్రశ్నకు తప్పు జవాబు.

"డైనమో ప్రాబ్లమా? తెలుసు తెలుసు. చెప్పొద్దులే పాపా, నువ్వు శ్రమ పడొద్దు. నేను చెప్తా కదా. మీ రైలుకు కెపాసిటర్ పోయిండాది."

మా రైలులో కెపాసిటరే లేదు.

తర్వాత ఆయన చిన్నప్పుడు బెంగళూరులో చూసిన ప్రదర్శన గురించి, బ్రిటిష్‌వాళ్ల నిజాయితీ గురించి, ఇప్పటి పిల్లలకు ఓమ్ సూత్రం కూడా రాదన్న దాని గురించి. ఆయన భార్య రెండుసార్లు మజ్జిగ తెచ్చి, రెండుసార్లూ నా వైపు జాలిగా చూసి పోయింది. జాలి ఆమె మీదే పడవలసింది. నేను సాయంత్రానికి పోతాను, ఆమె పోలేదు.

ఆయన ఆగిన ఒకే ఒక్క క్షణంలో నేను లేచి గుట్ట దగ్గరికి పోయాను. ఒక విరిగిన బ్యాటరీ ఛార్జర్లో నాకు కావలసింది ఉంది. చూపించాను.

"అదా? అది పనికిరాదే. సరే తీసుకో. నీ తృప్తి కోసరం."

ఆయన చెప్పింది తప్పు. ఇచ్చింది సరైనది. టీచర్ల విషయంలో ఇది కూడా ఎక్కువే.

జూలై 23, బుధవారం

టంకం వేశాను. చేతి వేలు కాలింది. పాత బిళ్ల తీసేసి, రేకులు ఇంకోసారి గీకి, డయోడ్ బిగించాను. అంగట్లో అందరూ ఉన్నారు. నాయన, చిన్నాయన, అవ్వ, పవన్. సరుకు కట్టడానికి అట్టపెట్టెలు కూడా తెచ్చారు.

మీట సగం లాగాను. కూత మొదలైంది. నాయన చేతులు జోడించాడు.

పూర్తిగా లాగాను. ఆగిపోయింది. రైలు కూడా నిలబడిపోయింది. వదిలి మళ్లీ లాగాను. మొదలై, ఆగింది. మళ్లీ.

కు. కు. కు.

పవన్ దాన్ని అనుకరించాడు. "కు, కు, కు," అని తల ముందుకు ఊపుతూ. చిన్నాయన నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. నాయన కూడా కొంచెం.

తర్వాత అందరూ ఒక్కసారే ఆపేశారు. అట్టపెట్టెల వైపు చూశారు. నేల వైపు చూశారు.

నవ్వడం కంటే అది అసహ్యం.

జూలై 24

ఏమీ రాయను.

జూలై 29, మంగళవారం

శ్రావణం వచ్చింది. రోడ్డంతా పెండ్లిండ్లవాళ్లు. మా మెట్ల దాకా వచ్చి, లోపల పెట్టెలు చూసి, పక్కంగట్లోకి పోతున్నారు. మా నాయన వాళ్లకు దారి చూపిస్తున్నాడు. మర్యాద.

నేను ఆ రైలును ముట్టుకోలేదు. మేడ మీద చదువుకున్నాను. అనంతపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగముందని చూశాను. పుస్తకాలకు నంబర్లు వేసే పని. దానికి అప్లై చేస్తాను. అంగడి ఎవరి చేతిలోకి పోతే నాకేం? చీరల మీద నాకు ఏనాడూ ఆసక్తి లేదు. అరిటాకు పచ్చకు వంకాయ రంగు అంచు వేయించమని నేతగాళ్లకు కాగితం మీద గీసిచ్చింది నేనే అయినా, అది ఊరికే. అనసూయమ్మ వదిలిపోయిన చీర ఇంకా పెట్టెలోకి ఎక్కలేదు. నేనే పక్కకు తీసిపెట్టాను. అది కూడా ఊరికే.

అవ్వ శుక్రవారం ట్రాన్స్‌ఫార్మర్కు పూజ చేయలేదు. ఎందుకని అమ్మ అడిగితే, "పాపకు కోపం," అందట.

ఆగస్టు 2, శనివారం

పొద్దున ఎవరూ లేవకముందు కిందికి పోయాను. ప్లగ్గు తీసి, మూత విప్పి, మీటను మెల్లగా, చాలా మెల్లగా లాగుతూ లోపల చూశాను.

మీటకు రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టులో డీసీ ఎక్కువగా వచ్చి రిలేను లాగుతుంది. రెండో మెట్టులో తగ్గి, లాగినదాన్ని పట్టుకుని ఉంచుతుంది. రెండో మెట్టుకు ఒక రేకు ఉంది. మీట దాని పక్క నుంచి పోతోంది, తగలడం లేదు, కరెంటు అక్కడ తెగిపోతోంది. వెంట్రుకంత దూరం. కొత్తగా వంగింది. గరుకు కాగితం పెట్టి గీకింది నేనే కదా. నొస్తాదే అని అవ్వ చెప్పనే చెప్పింది.

కనుబొమలు తీసే చిన్న పట్టకారుతో ఆ రేకును సరిచేశాను.

మూత బిగించాను. ప్లగ్గు పెట్టాను. మీట లాగి పట్టుకున్నాను.

కూత మొదలైంది. సాగింది. నేను వదిలేదాకా సాగింది. రైలు చీరల చుట్టూ, అద్దం దగ్గరి మలుపు మీదుగా, ఒకే తీరున తిరిగింది.

నాయన సగం గీసిన గడ్డంతో, ఒక చెంప మీద సబ్బుతో వచ్చి నిలబడ్డాడు. "ఇంగోసారి," అన్నాడు. లాగాను. "ఇంగోసారి." వీధి తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి చంద్రప్ప, "రంగయ్యన్నా, వచ్చిందా?" అని అరిచాడు, ఆస్పత్రి నుంచి మనిషి ఇంటికి వచ్చినట్టు.

నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. మీట వదలడం మాత్రం మర్చిపోయాను. నిద్ర చాలక.

ఆగస్టు 3

చిన్నాయన వచ్చాడు. మూడుసార్లు కూత విన్నాడు.

"సరే అన్నా, కూసింది. నీ మాట నీది. ఈడ కూర్చునేదెవరు, అది చెప్పు. శుక్రవారం నువ్వు ఆడ పూజలో ఉండాల. తర్వాత గూడా ఆడనే."

నాయన రైలు వైపు చూశాడు, ఇంకో మొక్కు దొరుకుతుందేమోనని. దొరకలేదు. "శుక్రవారానికి మూసిపెడదాం. తర్వాత చూద్దాం," అన్నాడు.

నెల రోజులు నేను ఒక మీటను బాగుచేశాను. ఇప్పుడు తెలిసిందేమంటే, ఎవరికీ అడ్డం మీట కాదు.

ఆగస్టు 7, గురువారం

తాళంచెవులు నాకివ్వమని నాయనను అడిగాను. అడగడం పూర్తయ్యేదాకా ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు. తర్వాత మొలతాడు నుంచి విప్పి ఇచ్చాడు. "ఎవురొస్తారులే," అన్నాడు. ధైర్యం చెప్పడమట అది.

ఆగస్టు 8, శుక్రవారం

పొద్దున్నే అందరూ రెండు కార్లలో హిందూపురం పోయారు. నేను అంగడి తీశాను. ఊడ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ను తుడిచాను. దాని మీద, పైన మాత్రమే, ఒక చిన్న కుంకుమ బొట్టు ఉంది. కారెక్కేముందు పెట్టినట్టుంది. ఉంచాను.

మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. తర్వాత అనసూయమ్మ వచ్చింది. పెండ్లికూతురు మల్లికను కూడా తెచ్చింది.

"కూత వచ్చిందంట గదా. ఊరంతా చెప్పుకుంటాండారు. నాయన యాడ?"

హిందూపురం వైపు చెయ్యి చూపించాను.

"అయితే ఎవురితో మాట్లాడాల నేను? నీతోనా?"

తలూపాను. పక్కకు తీసిపెట్టిన చీర తెచ్చి చాప మీద విప్పాను. మల్లిక అంచు మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఆమె వాళ్లమ్మలాగా కాదు, మాట తక్కువ. వాళ్లమ్మ ఆరోజు కుదుర్చుకుని, కూత లేక వదిలిపోయిన ధర ఒకటుంది. అనసూయమ్మ దాన్ని మర్చిపోయినట్టు నటించింది.

"ఎంత పాపా?"

చెప్పడం మొదలుపెట్టాను.

"పది పెట్టుకో," అంది ఆమె. నేను చెప్తూనే ఉన్నాను. "ఏం, కాదా? పదకొండు. చూడమ్మా, శ్రావణ శుక్రవారం, లక్ష్మీదేవి మాదిరి కూర్చోనుండావు, కాదనాకు." నేను కండ్లు మూసుకున్నాను. అలా చేస్తే కొంచెం తేలిక. ఆమె దాన్ని ఇంకేదో అనుకుంది. "అబ్బా, పన్నెండు. మీ నాయన గూడా ఇంత గట్టి మనిషి గాదే. ఒక్క మాట మాట్లాడకుండా పీక తెగ్గోస్తాండావు. సరే, పద్నాలుగు. ఇంగ నన్నడగొద్దు. పద్నాలుగు వేలు, మాట."

"పదమూడు," అన్నాను.

అనసూయమ్మ నోరు తెరిచి నా వైపు చూసింది. పద్నాలుగు ఇస్తానంటే పదమూడు అనే అంగడిమనిషిని ఆమె జన్మలో చూసి ఉండదు. చిన్నాయన ఉంటే నెత్తి కొట్టుకునేవాడు. కానీ నేను మొదలుపెట్టింది పదమూడు. మధ్యలో ఎవరో ఏదో అన్నారని, మొదలుపెట్టిన మాటను వదిలేసి వాళ్ల మాట ఎత్తుకోవడం ఇరవై ఏళ్లుగా చేశాను. నాకు కావలసింది నీళ్లయితే, వాళ్లు కాఫీనా అంటే, కాఫీ తాగాను.

మల్లిక ఫక్కున నవ్వింది. "అమ్మా, తీసుకోవే, మళ్లీ పన్నెండంటాదేమో."

"పదమూడే," అన్నాను. రెండోసారి త్వరగా వచ్చింది.

కూత వేశాను. పూర్తిగా, చివరిదాకా.

సాయంత్రం హిందూపురం నుంచి నాయన ఫోన్ చేశాడు. ఫోన్లు నేను ఎత్తను. ఎత్తాను. వెనక నాదస్వరం, మైకులో పవన్.

"ఏమైనా అమ్ముడుపోయిందా పాపా?"

"అనసూయమ్మ."

"ఎంతకిస్తివి?"

చెప్పాను. నాయన ఆగాడు. ఏ అంకె అందించలేదు. నాదస్వరం ఒక పాట ముగించి ఇంకోటి మొదలుపెట్టింది. ఆయన ఇంకా ఆగే ఉన్నాడు. నేను పూర్తిచేశాక, "సరే. రేప్పొద్దున గూడా నువ్వే తీ," అన్నాడు. పక్కన చిన్నాయన ఏదో అనబోతే, "ఉండ్రా, పాప మాట్లాడుతాండాది," అన్నాడు.

నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ నత్తి.